కేక వేయండి, బెల్లు కొట్టకండి

చేత్తో చేసిన వస్తువు గురించి నలుగురికీ చెప్పుకోవాలంటే మనలో చాలామందికి నోరు పెగలదు. చెప్పడం మొదలుపెట్టినవాళ్ళు కొందరికి ఎక్కడ ఆపాలో తెలియదు. ఈ రెంటికీ మధ్య దారి వెతుక్కున్న ఒక లేసు అల్లిక కథ, భిలాయి సెక్టర్ 6 నుంచి.

మా వీధిలోకి పొద్దున్న ఏడున్నరకి కూరగాయల బండి వస్తుంది. ‘భాంటా, పతాల్, లాల్ భాజీ...’ అని వీధి మొదట్లో ఒక కేక, మా క్వార్టరు దాటాక ఇంకొకటి. భాంటా అంటే వంకాయ, పతాల్ అంటే టమాటా. ఎన్ని తరాల నుంచి ఇక్కడున్న తెలుగువాళ్ళమైనా ఈ రెండు ఛత్తీస్‌గఢీ మాటలు రాకపోతే కూర వండుకోలేం. ఆ కేకకి నేనెప్పుడూ చిరాకుపడలేదు. కావలసినవాళ్ళం గిన్నె పట్టుకుని గేటు దగ్గరికి వెళ్తాం, అక్కర్లేనివాళ్ళం టీ తాగుతూ కూర్చుంటాం. ఇన్నేళ్ళలో అతను ఒక్కసారి కూడా మా ఇంటి బెల్లు కొట్టలేదు.

మా వెనక వీధిలో ఒక పిన్ని ఉంది. పేరు రాయొద్దంది. భర్త ఇక్కడి స్టీలు ప్లాంటులో, రైల్ మిల్లులో చేసి రిటైరయ్యారు, మేం బాబాయిగారంటాం. పిన్ని లేసు అల్లుతుంది. బల్లల మీద పరిచేవి, పసిపిల్లల టోపీలు, అన్నిటికన్నా ఎక్కువగా గుమ్మానికి కట్టే తోరణాలు. ఒక్కో తోరణానికి ఆకుపచ్చ నూలు దారంతో అల్లిన 21 మామిడాకులు, మధ్య మధ్య పసుపు పూసలు. చాలాకాలం అవన్నీ బిస్కెట్ల డబ్బాలో, బీరువా పై అరలో ఉండేవి. ఎవరింట్లోనైనా గృహప్రవేశమైతే ఒకటి బయటికి వచ్చేది, కానుకగా.

“అమ్మొచ్చుగా పిన్నీ” అంటే, “నేనేమన్నా షాపు పెట్టానే అమ్మాయ్? ఊరికే పొద్దుపోక అల్లుతుంటాను” అనేది.

ఆ మాట ఆవిడ సొంతం కాదు. పుట్టిన ఊరి నుంచి తెచ్చుకున్నది.

అల్లే చేయి, అమ్మే నోరు

పిన్నిది పశ్చిమగోదావరి, నరసాపురం దగ్గర పల్లె. ఎనిమిదో ఏట తల్లి పక్కన కూర్చుని కొక్కెపు సూది పట్టింది. ఎడమచేతి చూపుడువేలికి దారం చుట్టి, కొక్కెంతో ఒక ముడి లాగి, ఆ ముడిలోంచి ఇంకో ముడి లాగి, అలా గొలుసు పోసుకుంటూ వెళ్ళడం. ఇప్పటికీ ఆ వేలి మీద దారం ఒరుసుకున్న సన్నటి గాడి కనిపిస్తుంది. ఏజెంటు సైకిలు మీద వచ్చి దారం తూచి ఇచ్చేవాడట, అల్లినవి లెక్కపెట్టి తీసుకుపోయేవాడట. పువ్వులు అల్లేవాళ్ళు ఒకరు, వాటిని కలిపి అతుకు పని చేసేవాళ్ళు ఇంకొకరు. అది ఏ దేశం వెళ్తుందో, ఎంతకి అమ్ముతారో ఆ వీధిలో ఎవరికీ తెలియదు. అడిగినవాళ్ళూ లేరు.

19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఆ గోదావరి తీరానికి వచ్చిన పని ఇది. ఇంటిపట్టున ఉండడమే పరువు అనుకున్న కుటుంబాల ఆడవాళ్ళు గడప దాటకుండా చేయగలిగిన పని కాబట్టి బాగా పాకింది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1970ల చివర్లో అక్కడ ఉండి, ఆ ఆడవాళ్ళతో మాట్లాడి, 1982లో ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకం తెచ్చింది. ఆవిడ చూసినదేమిటంటే, రోజుకి ఆరేసి ఎనిమిదేసి గంటలు అల్లుతున్నా వాళ్ళని కార్మికులని ఎవరూ అనరు. గృహిణులు, ఖాళీ సమయంలో ఏదో చేసుకుంటున్నారు, అంతే. ప్రపంచ మార్కెట్టుకి సరుకు వాళ్ళది. బేరం, బిల్లు, విదేశీ ఉత్తరాలు మగవాళ్ళవి. అల్లే చేయి ఒకరిది, అమ్మే నోరు ఇంకొకరిది.

కాబట్టి ‘నాకు అమ్మడం చేతకాదు’ అని మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు అంటుంటే అది వాళ్ళ స్వభావమని నేననుకోను. తరాల తరబడి ఆ పని వాళ్ళ చేతికి ఇవ్వలేదు. ఇవ్వని పని ఎలా వస్తుంది? పిన్ని విషయంలో దీనికి భిలాయి ఇంకో పొర వేసింది. ఇది జీతాల ఊరు. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన దగ్గర్నుంచీ ఇక్కడి సంసారాలు నెల జీతం మీద నడిచాయి. అమ్ముకోవడం అంటే సుపేలా బజారులో దుకాణాలవాళ్ళు చేసే పని. క్వార్టర్లలో ఉండేవాళ్ళం పక్కింటివాళ్ళ దగ్గర డబ్బులు పుచ్చుకోవడమా?

ఇద్దరు అమ్మకందార్లు

మా చిన్నప్పుడు మా ఇంటికి ఆంధ్ర నుంచి చీరల మూట ఆయన వచ్చేవాడు. జీతాలు పడిన వారంలో. వరండాలో మూట దించి, మంచినీళ్ళు తాగి, నలభై చీరలు విప్పి పరిచేవాడు. ఈ అంచు ఎక్కడ నేశారో, ఈ రంగు ఉతుకులో ఎంత పోతుందో కూడా చెప్పేవాడు. పోతుందని చెప్పే వర్తకుణ్ణి నేను ఆయన తర్వాత పెద్దగా చూడలేదు. అమ్మ చాలాసార్లు ఏమీ కొనేది కాదు. ఆయన నలభై చీరలూ మళ్ళీ మడత పెట్టుకుని, “మళ్ళీ నెల వస్తానమ్మా” అని లేచేవాడు. అమ్మకి ఆయనంటే గౌరవం. దసరాకి తప్పకుండా ఆయన దగ్గరే తీసుకునేది.

అదే రోజుల్లో నాన్న పైఅధికారి గారి భార్య ఒకావిడ ప్లాస్టిక్ డబ్బాలు అమ్మేవారు. బలవంతం చేయడం ఆవిడకి తెలియనే తెలియదు. చాలా మర్యాదగా టీకి పిలిచేవారు, డబ్బాలు బల్ల మీద పెట్టి ఉంచేవారు, అంతే. అమ్మ కొనకుండా ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. మా వంటింట్లో మూతలు రాని ఆ డబ్బాలు నాన్న రిటైరయ్యేదాకా ఉన్నాయి.

నలభై చీరలు ముందర పరిచినాయన మీద పడి అమ్మినట్టు అనిపించలేదు, ఒక్క మాటా గట్టిగా అనని ఆవిడ అమ్మినట్టు అనిపించింది. ఎందుకంటే ఆయనకి ‘వద్దు’ అని చెప్పొచ్చు, ఆవిడకి చెప్పలేం. తోసి అమ్మడం అనేది గొంతులో ఉండదు, ఎదుటివాళ్ళకి తప్పుకునే దారి ఉందా లేదా అన్నదాంట్లో ఉంటుంది. మొహమాటం అనే మన మాట ఇక్కడ భలే పనికొస్తుంది. అది అమ్మేవాళ్ళకి ఉంటే ఫరవాలేదు, కాస్త అందంగానే ఉంటుంది. కొనేవాళ్ళకి కలిగించామా, తప్పు చేసినట్టే.

ఇది పిన్నికి చెబితే కాసేపు అల్లిక ఆపి, “అయితే నేను ఇన్నాళ్ళూ భయపడ్డది నా మొహమాటానికి కాదన్నమాట, వాళ్ళ మొహమాటానికి” అంది. నేను ఇన్ని పేరాల్లో చెప్పినదాన్ని ఆవిడ ఒక వాక్యంలో తేల్చేసింది.

స్టేటస్సూ గ్రూపూ

మొదటి ప్రయత్నం పుణెలో ఉన్న కోడలు చేసింది. తోరణం ఫొటో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. నలభై బొటనవేళ్ళు, ‘సూపర్ అత్తయ్యా’లు పాతిక. ఒక్కరూ కొనలేదు. ఒకావిడ మాత్రం ‘నాకొకటి పంపు వదినా’ అని రాసింది. ధర అడగలేదు, అడగదు కూడా. పైగా ఆ ఫొటోకి సరిగ్గా పైనే ఎవరిదో పదకొండో రోజు కబురు ఉంది. పిన్నికి తల కొట్టేసినట్టయింది. నెల రోజులు సూది ముట్టలేదు.

గ్రూపు అంటే నలుగురు కూర్చున్న గది. అక్కడ మూట విప్పితే అందరూ చూడాలి, ఏదో ఒకటి అనాలి. స్టేటస్ అలా కాదు, వీధిలో కేక. వినాలనుకున్నవాళ్ళు వింటారు, 24 గంటల్లో పోతుంది. ఎవరు చూసి ఊరుకున్నారో అని ఆ జాబితా తిరగేయకుండా ఉండగలిగితే ఇంకా మంచిది. ‘చూశావుగా, ఏమీ అనలేదేం?’ అని అడిగిన మరుక్షణం కేక కాస్తా బెల్లయిపోతుంది. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ జాబితా అని ఇంకొకటుంది. మన నంబరు తమ ఫోనులో దాచుకున్నవాళ్ళకి మాత్రమే ఆ సందేశం చేరుతుంది. తలుపు కాస్త తీసి ఉంచినవాళ్ళకే అన్నమాట. అయినా చేర్చేముందు ఒకసారి అడిగి చేర్చడం మర్యాద.

2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్‌లో వస్తువుల ఫొటోలు, ధరలు ఒకచోట పేర్చి పెట్టుకునే వీలుంది. చిన్న పనివాళ్ళకి నేను మొదట చెప్పేది అదే. ఎందుకంటే ఇప్పుడొక పాడు అలవాటు మొదలైంది: ఫొటో కింద ధర వేయరు, ‘ధర కోసం ఇన్‌బాక్స్‌కి రండి’ అంటారు. అడిగాక కొనకపోతే బాగుండదని మనం అడగనే అడగం. లోపలికి పిలిచి తలుపు వేసుకునే పద్ధతి అది. నాకు ఆ ప్లాస్టిక్ డబ్బాల టీ పార్టీయే గుర్తొస్తుంది. ధర పైకి వేసేస్తే ఎక్కువనుకున్నవాళ్ళు చప్పుడు లేకుండా వెళ్ళిపోతారు. ఎవరి పరువూ పోదు.

ధర అనగానే పిన్ని ఇంకా నీరసపడింది. అప్పటికి తోరణం 400కి ఇస్తోంది. నేను, బాబాయిగారు కలిసి లెక్క కట్టాం. దారానికి, పూసలకి 250 రూపాయలు. ఒక్కో ఆకుకి సుమారు 35 నిమిషాలు. 21 ఆకులకి పన్నెండు గంటల పైమాటే. అతుకు పని, పై పట్టీ ఇంకో ఆరు గంటలు. అంటే 18 గంటల కష్టానికి మిగిలేది 150. గంటకి 8 రూపాయల చిల్లర. బాబాయిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఇంతకన్నా ఊరికే ఇచ్చెయ్యడం నయం కదే” అన్నారు. ఊరికే ఇస్తే కానుక అంటారు, 400కి ఇస్తే చవక సరుకు అంటారు.

ఇప్పుడు తోరణం 900. గంటకి 36 రూపాయలు పడుతోంది. ఇదీ గొప్ప కూలేం కాదు. కానీ ఎవరైనా ‘ఎందుకంత?’ అంటే 21 ఆకులు, 18 గంటలు అని చెప్పగలుగుతోంది. బతిమాలడానికీ చెప్పడానికీ ఉన్న తేడా ఆ రెండు అంకెల్లో ఉంది.

ఇంకో లెక్క కూడా తేలింది. నెలకి ఎనిమిది తోరణాలకి మించి ఆవిడ అల్లలేదు. ఎనిమిదంటేనే రోజుకి ఐదు గంటలు. ఎనిమిది తోరణాలకి ఎనిమిది గుమ్మాలు చాలు. రీల్స్ చేయాలి, వేలమంది ఫాలోయర్లు కావాలి, రోజూ ఏదో ఒకటి పోస్టు చేయాలి అని చెప్పే సలహాలు ఫ్యాక్టరీ ఉన్నవాళ్ళ కోసం పుట్టినవి. చేత్తో చేసే మనిషి వాటిని నెత్తిన వేసుకుంటే, అల్లాల్సిన వేలు ఫోను మీద తిరుగుతుంది. పదివేలమందికి నచ్చితే ఆ ఆర్డర్లు ఎవరు అల్లుతారు?

పట్టా మీద రాత

తోరణంతో పాటు ఒక కార్డు పెట్టాలన్న ఆలోచన బాబాయిగారిది. ముప్ఫై ఏళ్ళు రైలు పట్టాల మధ్య గడిపిన మనిషి. 1960 నుంచి భిలాయిలో పట్టాలు చేస్తున్నారు. ఇప్పుడు 130 మీటర్ల పొడవున ఒకే పట్టా సాగదీసి, రెంటిని అతికి 260 మీటర్లు చేసి పంపుతున్నారు. (ఇక్కడా అతుకు పనే అని పిన్ని వేళాకోళం.) ఆ పట్టాకి ప్రకటన ఎందుకు? కొనేది రైల్వే. అయినా ప్రతి పట్టా పక్కన ఉబ్బెత్తు అక్షరాలు ఉంటాయి. ఎవరు చేశారు, ఏ సంవత్సరం ఏ నెల, ఏ రకం ఉక్కు, ఏ కొలత. ఈసారి ప్లాట్‌ఫాం మీద నిలబడినప్పుడు కిందికి చూడండి, దుమ్ములో కనిపిస్తాయి.

“పట్టా ఏమీ గొప్పలు చెప్పుకోదే. ఉన్నది ఉన్నట్టు రాసుకుంటుంది. నీ తోరణానికీ అంతే రాయి” అన్నారు.

ఆ సాయంత్రం కూర్చుని రాశాం. నూలు దారం. 21 ఆకులు. 18 గంటల పని. చల్లటి నీళ్ళలో ఉతకాలి, నీడలో ఆరేయాలి. రెండేళ్ళకి ఆకుపచ్చ కాస్త వెలుస్తుంది. వెలుస్తుందన్నది రాయడానికి పిన్ని ఒప్పుకోలేదు, నేను పట్టుబట్టాను. ఆ చీరల మూట ఆయన దగ్గర నేర్చుకున్న పాఠమది. ‘అద్భుతం’, ‘అపురూపం’, ‘ప్రేమతో చేసినది’ లాంటివి ఏవీ వేయలేదు. ప్రేమతో చేశామని వస్తువు మీద రాస్తే ఇక కొననివాళ్ళు ప్రేమ లేనివాళ్ళవుతారు.

ఒక చోట ఆగాం. ‘నరసాపురం లేసు’ అని వేద్దామా? 2024లో నరసాపురం లేసు అల్లికకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు ఆ ప్రాంతంలో అల్లేవాళ్ళది. పేరు పెట్టుకుంటే నాలుగు ఎక్కువ పోవచ్చు, పట్టుకునేవాళ్ళూ ఉండకపోవచ్చు. పిన్నే వద్దంది. “అక్కడ నా ఈడువాళ్ళు ఇంకా కూర్చుని అల్లుతున్నారే. వాళ్ళ పేరు వాళ్ళకుండనీ.” చివరికి ‘నేర్చింది నరసాపురం దగ్గర, అల్లింది భిలాయిలో’ అని వేశాం. చదివినవాళ్ళు చాలామంది ఆ లైను దగ్గరే ఆగి కథ అడుగుతున్నారు.

అన్నిటికన్నా బాగా పనిచేసినది మాత్రం ఎవరూ ఆలోచించి చేసింది కాదు. మోకాళ్ళ నొప్పికి ఎండ మంచిదన్నారని పిన్ని పడగ్గదిలోంచి వరండాలోకి మారింది. సెక్టర్ 6 సంగతి తెలుసుగా. మసీదుకి వెళ్ళేవాళ్ళు, కాళీబాడీకి వెళ్ళేవాళ్ళు, బెంగాలీలు, మలయాళీలు, పంజాబీలు, ఒడియావాళ్ళు, అందరూ అదే దారిన నడుస్తారు. అల్లుతున్న చేయి కనిపిస్తే కాళ్ళు ఆగుతాయి. ‘ఆంటీ, యే క్యా బనా రహే హో?’ అని మొదట అడిగింది ఒక బెంగాలీ అమ్మాయి. దుర్గాపూజకి ముందు వచ్చి రెండు తీసుకెళ్ళింది. గుమ్మానికి కట్టిన తోరణం ఇక తన పని తాను చేసుకుంటుంది; ఆ ఇంటికి వచ్చినవాళ్ళంతా దాని కిందినుంచే లోపలికి వెళ్ళాలి కదా.

బస్తర్ ఢోక్రా పనివాళ్ళని శిల్పమేళాల్లో చూసినప్పుడు కూడా నాకు ఇదే అనిపించింది. కొండగావ్ నుంచి వచ్చి బొమ్మలు పేర్చుకుని కూర్చుంటారు. ‘తీసుకోండి’ అని వెంటపడరు. మట్టి ముద్ద మీద మైనపు తీగ ఎలా చుడతారో అడిగితే చెబుతారు. దానిపైన మళ్ళీ మట్టి పూసి కాలిస్తే మైనం కరిగి పోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు, చల్లారాక అచ్చు పగలగొడతారు. పగిలిన అచ్చులోంచి అచ్చం అలాంటి బొమ్మ మళ్ళీ రాదు. ఇది విన్నాక ఆ చిన్న ఏనుగుని అక్కడే వదిలేసి రావడం కష్టం. ఆ కథలో బొంకు లేదు, బతిమాలుడు లేదు.

అలా కూర్చోవడానికి చోటు కావాలంటే ఇప్పుడు కొన్ని దారులున్నాయి. 2022లో రైల్వే మొదలుపెట్టిన ‘వన్ స్టేషన్ వన్ ప్రొడక్ట్’ కింద స్టేషన్లలో స్థానిక చేతిపనివాళ్ళకి కొద్ది రోజుల చొప్పున స్టాలు ఇస్తున్నారు. రైలు కోసం ఎదురుచూస్తున్న మనిషికి చూసే తీరిక ఉంటుంది, నచ్చకపోతే రైలెక్కి పోయే వీలూ ఉంటుంది. పిన్ని లాంటివాళ్ళకి అంతకన్నా సుఖమైన కొట్టు ఉండదు. కానీ మోకాళ్ళ వల్ల ఆవిడ వెళ్ళనంటోంది.

కొనేవాళ్ళకీ ఒక మాట చెప్పాలి. తెలిసినవాళ్ళు చేసిన వస్తువు కదా అని ఊరికే అడగకండి. ‘నేనైతే ఇంట్లోనే చేసుకుంటాను’ అనకండి, చేసుకోరు. అక్కర్లేకపోతే ‘ఇప్పుడు వద్దు పిన్నీ’ అనండి. పొగిడి తప్పించుకోవడం కన్నా అదే ఆవిడకి హాయి. నచ్చి కొంటే, కట్టుకున్నాక ఒక ఫొటో పంపండి.

పేరెందుకు వద్దన్నావని చివర్లో అడిగాను. “పేపర్లో పేరు పడితే తెలిసినవాళ్ళంతా కొనాలేమో అనుకుంటారే అమ్మాయ్. పాపం, వాళ్ళకెందుకీ ఇబ్బంది?” అంది. కార్డు మీద మాత్రం వేయించుకుంది, ఇంటిపేరుతో సహా.